ఏటి మీద ఏరు

మా పిట్టలవానిపాలెం వైపు ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్ళ చెవులన్నీ కాలువ కబురు మీదే ఉంటాయి. "ఎప్పుడు కట్టేస్తారుట?" "ఈలోగా చెరువు నిండుతుందంటావా?" ఇవే మాటలు. సముద్రానికి దగ్గర ఊళ్ళు గదా, చాలాచోట్ల బోరు వేస్తే పడేది ఉప్పునీళ్ళే. అందుకని కాలువ కట్టేసేలోపల మంచినీళ్ళ చెరువు నింపేసుకోవాలి. మళ్ళీ తొలకరికి నీళ్ళు వదిలేదాకా ఆ చెరువే దిక్కు. చవుడు నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదని మీకు నేను చెప్పాలా? పట్నంలో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఉన్నా, మీలో చాలామందికి పుట్టినిల్లో మెట్టినిల్లో ఇలాంటి ఊరే అయివుంటుంది.

చిన్నప్పుడు నాకు ఒక వెర్రి నమ్మకం ఉండేది. కాలువలు కూడా ఏళ్ళలాగే వాటంతట అవి పుట్టాయనుకునేదాన్ని. తెనాలి వెళ్ళినప్పుడల్లా ఊరి మధ్యనుంచి మూడు కాలువలు పారుతుంటే, ఈ ఊరు ఎంత అదృష్టం చేసుకుందో అనుకునేదాన్ని. మా అమ్మమ్మ నవ్వేది. "పిచ్చిదానా, అవి దేవుడిచ్చినవి కావే. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డం వేశారు. అక్కణ్ణించి సీతానగరం, దుగ్గిరాల మీదుగా మనదాకా తవ్వుకొచ్చారు" అనేది. 1952లో బెజవాడ ఆనకట్ట తెగిందన్న వార్త వచ్చినప్పుడు అమ్మమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఆ ఏడు ఊళ్ళో మగవాళ్ళు ఎలా మొహాలు వేలాడేసుకు తిరిగారో ఎన్నిసార్లు చెప్పిందో!

ఆ ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855కు పూర్తిచేసినది. ఓర్ అనే కెప్టెన్ దగ్గరుండి కట్టించాడు. దానికి ఇరవై యేళ్ళ ముందు, అంటే 1832–33లో, గుంటూరు సీమలో వచ్చిన కరువు సంగతి మీరు వినే ఉంటారు. నందన నామ సంవత్సరపు కరువంటారు, డొక్కల కరువంటారు. ఐదు లక్షల జనం ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని లెక్కలున్నాయి. పక్కనే కృష్ణ పారుతోంది, కాని పొలంలోకి ఎక్కదు. నిండు కుండ ముందు పెట్టుకుని దాహంతో చచ్చినట్టు. ఆ తర్వాతే కుంఫిణీవారు కళ్ళు తెరిచారు. ధర్మబుద్ధితోనే తెరిచారని నేను అనను. పంట లేకపోతే శిస్తు లేదు, శిస్తు లేకపోతే కుంఫిణీ లేదు. ఏమైతేనేం, నీళ్ళు వచ్చాయి.

ఆ పాత ఆనకట్ట తెగాక 1957లో అక్కడ ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాబట్టి విక్టోరియా రాణిగారి కాలంలో మనవైపు నీటి కట్టుబడి ఎలా ఉండేదో కళ్ళారా చూద్దామంటే బెజవాడలో లాభం లేదు. గోదావరి దాటి కోనసీమ వెళ్ళాలి. నేను వెళ్ళింది అందుకోసం కాదనుకోండి. మా ఆడపడుచును రాజోలు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. దాని కూతురి సీమంతానికి వెళ్ళాను. దారిలో పి. గన్నవరం దగ్గర బస్సు గోదావరి పాయ దాటుతోంది. కిటికీలోంచి చూద్దును గదా, మాతోపాటే కాలువ కూడా ఏరు దాటుతోంది! కింద ఏరు, పైన కాలువ. కాస్త అవతల, పాతబడిన ఇటుక కమానులు బారులు తీరి నిలబడి ఉన్నాయి. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ, "అది పాత అక్విడక్టండీ, ఇది కొత్తదండీ, ఆయ్" అంది, ఇంతకంటే చెప్పేదేముంది అన్నట్టు.

చెప్పేది చాలా ఉందని తర్వాత తెలిసింది. మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాలనుకున్నదీ అదే.

ముందు ఒక ప్రశ్న. పక్కనే నది ఉండగా, ఇంకొక చోటినుంచి కాలువ తెచ్చి నది మీదుగా దాటించడం ఎందుకు? ఆ నదిలోంచే తోడుకోవచ్చుగదా? నాకూ ఇదే అనుమానం వచ్చింది. సంగతేమిటంటే, ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది, గౌతమి, వశిష్ఠ అని. ఈ రెండింటి మధ్య ఉన్న నేలనే మధ్య డెల్టా అంటారు. వశిష్ఠలోంచి గన్నవరం దగ్గర ఇంకొక పాయ విడిపోతుంది, దాని పేరు వైనతేయ. వశిష్ఠకీ వైనతేయకీ మధ్య సముద్రం దాకా ఉన్నది నగరం లంక. రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి అన్నీ ఆ లంకలోవే. రెండుపక్కలా ఏళ్ళు, మూడోవైపు సముద్రం. కాని ఏటి నీళ్ళు నేలకంటే పల్లంలో ఉంటాయి. పైగా ఎండాకాలం ఏట్లో నీళ్ళు తగ్గాయంటే సముద్రపు పోటు ఎదురెక్కి వస్తుంది. ఆ ఉప్పునీళ్ళు వరికి పనికిరావు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎత్తుగా ఉంటుంది. అక్కణ్ణించి మెరక మీదుగా కాలువ తవ్వి తెస్తే, ఆ ఎత్తు పోకుండా నీళ్ళు పొలం మీదికి వాటంతట అవే పారతాయి. మధ్యలో వైనతేయ అడ్డం. అందులో కాలువను కలిపేస్తే ఎత్తూ పోయె, మంచినీరూ పోయె. అందుకని ఏటి నెత్తి మీదుగా దాటించాల్సి వచ్చింది. గోదావరి నీళ్ళు గోదావరి మీదుగా పోతున్నాయన్నమాట.

ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు. కట్టించినవాడు ఆర్థర్ కాటన్ అని మన పిల్లలకు కూడా తెలుసు. ఇసుక నేలలో పునాది వెయ్యడమెలాగో ఆయన కావేరి మీద చోళరాజుల కాలపు కల్లణ ఆనకట్టను చూసి నేర్చుకున్నానని తానే ఒప్పుకున్నాడు. ఇసుకలోకి ఇటుక నూతులు దింపి వాటిమీద గోడ లేపడం మన మేస్త్రీలకు కొత్త కాదు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నగారి పేరు ధవళేశ్వరం వైపు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. కాటన్ ఆ ఆనకట్ట కావాలని అంతగా పట్టుబట్టడానికి కారణం ఆ జిల్లా జనాభా లెక్కే చెబుతుంది. 1821లో 7 లక్షల 38 వేలు ఉన్న జనం 1841కి 5 లక్షల 61 వేలకు దిగిపోయారు. ఇరవై యేళ్ళలో ప్రతి నాలుగు ఇళ్ళకూ ఒక ఇల్లు ఖాళీ అయిందనుకోండి.

ఇక గన్నవరం కట్టడానికి వద్దాం. దాన్ని 1851–52లో హేగ్ అనే లెఫ్టినెంటు కట్టించాడు. లెఫ్టినెంటంటే దొరలలో చిన్న ఉద్యోగే. 49 కమానులు. మావైపు ఖానాలంటారే, అవి. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మొత్తం పొడవు 2,248 అడుగులు, ఇప్పటి లెక్కలో 685 మీటర్లు. నేను చదివింది మెట్రిక్ దాకానే అయినా, చాకలి పద్దు, పాలపద్దు కూడి కూడి లెక్కంటే భయం పోయింది. కనుక ఒక కాగితం తీసుకుని వేశాను. 49 నలభైలు 1,960. మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది 288 అడుగులు. 49 కమానులకు మధ్య దిమ్మలు 48. 288ని 48తో భాగిస్తే సరిగ్గా 6. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు! అంటే నలభై అడుగుల కమాను, ఆరడుగుల దిమ్మ, మళ్ళీ నలభై, మళ్ళీ ఆరు, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డు దాకా. మొత్తం పొడవులో ఏటికి అడ్డం పడ్డది ఎనిమిదో వంతే, మిగతాదంతా ఏటికి దారి. అంతకంటే లావు దిమ్మలు పెట్టివుంటే వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎగదన్ని కట్టడాన్నే తోసేసేవి. మరీ సన్నంగా పెట్టివుంటే బరువు ఆగదు. ముగ్గు వేసేటప్పుడు చుక్కకీ చుక్కకీ ఎడం చూసుకున్నట్టు చూసుకున్నారు.

బరువంటే ఎంత బరువు! ఒక ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు పైచిలుకు. రెండు పెద్ద బిందెలనుకోండి. మాటవరసకు పది అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు నీళ్ళు పారుతున్నాయనుకుంటే, ఒక్కొక్క కమాను మీద 45 టన్నుల నీళ్ళు ఎప్పుడూ కూర్చుని ఉంటాయి. మామూలు వంతెన మీద బండి వస్తుంది, పోతుంది. ఇది అలా కాదు. బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి నూటయాభై యేళ్ళపాటు దింపకుండా నిలబడినట్టు.

మరి ఇటుక ఆ బరువు ఎలా ఆపుతుంది? ఇనుము లేదు, సిమెంటు లేదు. సంగతంతా ఆ వంపులో ఉంది. మన పాత ఇళ్ళలో గూళ్ళ మీద, వీధి గుమ్మాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి వంపు తిప్పడం చూసే ఉంటారు. పైన బరువు పడేకొద్దీ ఇటుకలు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి తప్ప ఊడిరావు. బరువు కిందికి దిగక పక్కకు పాకి దిమ్మలోకి పోతుంది. కాని ఒక చిక్కుంది. ప్రతి కమానూ పక్కదాన్ని తోస్తూనే ఉంటుంది. అటుపక్క కమాను ఇటు తోస్తుంది, ఇటుపక్కది అటు తోస్తుంది. ఇద్దరి తోపూ సమానం కనుక మధ్య దిమ్మ నిటారుగా నిలబడుతుంది. కోలాటంలో చేతులు పట్టుకుని వెనక్కి వాలినట్టన్నమాట, ఒక్కరు చెయ్యి వదిలితే అందరూ పడతారు. చివరి రెండు కమానులను పట్టుకునేవాళ్ళు ఉండరు కాబట్టి ఒడ్డున కట్టిన గోడలు గట్టిగా ఉండాలి.

కట్టేటప్పుడు కమాను తనంతట తాను నిలబడదు. ముందు కింద కర్రలతో, పలకలతో అచ్చు కట్టి, దాని మీద రెండువైపుల నుంచీ ఇటుక పేర్చుకుంటూ వచ్చి, నడిమి ఇటుక బిగించి, సున్నం ఆరాక కర్రలు ఊడదియ్యాలి. ఆ కర్రలు నిలబెట్టేది ఏట్లో. వరద వచ్చేలోపు తీసెయ్యకపోతే కర్రలతోపాటు కట్టడమూ సముద్రంలో కలుస్తుంది. గోదావరిలో అలాంటి పని చెయ్యడానికి వీలయ్యేది సంక్రాంతికి కాస్త అటూ ఇటూ మొదలుపెట్టి తొలకరి దాకానే. సున్నం గానుగలో నూరాలి, ఇటుక కాల్చాలి, తడి ఆరనివ్వాలి. ఇవన్నీ ఆ నాలుగైదు నెలల్లోనే. మనం ఆవకాయ కాలంలో పడే హడావిడి దానిముందు ఏపాటి!

మరి దాని అందం సంగతేమిటంటారా? అక్కడే నాకు ఆలోచన తెగలేదు. అదే కాలంలో విక్టోరియా రాణి ఏలుబడిలో ఇతర చోట్ల నీళ్ళ కట్టడాలు ఎలా కట్టారో కాస్త చదివాను. లండన్ నగరపు మురుగును తోడిపొయ్యడానికి 1865లో క్రాస్‌నెస్ అనే చోట ఒక పంపుల ఇల్లు కట్టారు. మురుగు తోడేదే! కాని లోపలికి వెళితే పోత ఇనుప స్తంభాలు, వాటికి ఆకులూ పువ్వులూ, రంగులూ, కళ్ళు చెదురుతాయి. అక్కడి నాలుగు పెద్ద ఆవిరి యంత్రాలకు రాచకుటుంబం పేర్లు పెట్టారు. ఒకదాని పేరు విక్టోరియా, మరొకదాని పేరు ఆవిడ పెద్దకొడుకుది, ఆల్బర్ట్ ఎడ్వర్డ్. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. మన దేశంలోనే, హరిద్వారం దగ్గర రూర్కీలో, గంగ కాలువను సోలానీ అనే ఏటి మీదుగా దాటించారు. 1854లో నీళ్ళు వదిలారు. 50 అడుగుల కమానులు 15. దానికి కాపలాగా ఇరువైపులా పెద్దపెద్ద సింహాల బొమ్మలు కూర్చోబెట్టారు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది.

గన్నవరంలో సింహాలూ లేవు, పువ్వులూ లేవు. ఇటుక, సున్నం, వంపు. అంతే. అటు సోలానీలో కమానులు 15, ఇటు 49. దర్జాకు డబ్బు లేకనా, ఇక్కడ చూసేవాడెవడనే చిన్నచూపా? రెండూ ఉండొచ్చు. కాటన్ మీదా ఆయన కింద పనిచేసినవాళ్ళ మీదా ఎంత తక్కువలో కట్టగలరనే ఒత్తిడి ఎప్పుడూ ఉండేది. అయినా నాకు మటుకు ఆ బోడి కట్టడమే బాగుంది. ఏదీ అలంకారానికి పెట్టలేదు కాబట్టి ఏది ఎందుకుందో నాలాంటిదానికి కూడా అర్థమవుతుంది. నలభై అడుగులకొకసారి అదే వంపు, అదే నీడ నీళ్ళ మీద గుండ్రంగా. పైకి అర్ధచక్రం, కింద నీళ్ళలో ఇంకో సగం. పొద్దుటిపూట చూస్తే గాజులు వరసగా పేర్చినట్టుంది.

నీళ్ళు తీసుకెళ్ళే తొట్టి విషయం చెప్పకపోతే కథ సగమే. కాలువలకు వాలు మైలుకు కొద్ది అంగుళాలకు మించి ఉండదు. పెరట్లో అంట్లు తోమే గట్టుకు వాలు సరిగ్గా పెట్టని తాపీవాడితో మనం పడే బాధ తెలిసిందే గదా, ఒక మూల నీళ్ళు నిలిచిపోయి పాచి పడుతుంది. అలాంటిది అరమైలుకు కాస్త తక్కువ పొడవున, ఏట్లో నిలబెట్టిన 48 దిమ్మల మీద, అంత సన్నటి వాలు తప్పకుండా కట్టడమంటే మాటలా? ఒక్క దిమ్మ బెత్తెడు కుంగినా తొట్టి పగులుతుంది. పగిలితే కారుతుంది, కారితే సున్నం కరుగుతుంది, కరిగితే ఇటుక కదులుతుంది. ఇంటి పైకప్పులో చిన్న తడిమచ్చ కనిపిస్తే మనం ఎందుకు గాబరా పడతామో అందుకే. ఇలాంటి కట్టడానికి శత్రువు వరద ఒక్కటే కాదు, ఇంట్లోనే ఉన్న నీళ్ళు కూడా.

వరద మాట వచ్చింది కనుక చెబుతాను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద కోనసీమలో పెద్దవాళ్ళెవరూ మరిచిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎక్కడికక్కడ గట్లు తెగాయి. మా ఆడపడుచు అత్తగారు ఆ రోజులు తలుచుకుని, "నీళ్ళు ఇంట్లోకొస్తే బియ్యం డబ్బాలు అటక మీద పెట్టుకుని నాలుగురోజులు కూర్చున్నామమ్మా" అంది. "అక్విడక్టేమయిందండీ పిన్నిగారూ?" అని అడిగాను. "దానికేమవుతుంది? వరద పోయాక మళ్ళీ కాలువ దాంట్లోంచే వచ్చింది" అంది. 134 యేళ్ళ వయసులో ఆ వరద తట్టుకుని నిలబడింది మరి.

ఆవిడే ఇంకో మాట అంది. "దొరలు కట్టారు, దొరలు కట్టారంటారు గానీ, ఇటుక మోసింది దొరసానులా ఏమిటి?" నిజమే. మన దేశంలో చెరువులూ కాలువలూ తవ్వినవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు ఒడ్డెరలు. ఏ కట్టుబడి చూడండి, గోడ మీద నిలబడి పేర్చేది మగవాడైతే కింద తట్ట ఎత్తేది ఆడది. చంటిపిల్లను చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి వచ్చేది. ఒక ఇటుక మీద కూడా ఆవిడ పేరు ఉండదు.

అయితే ఆ చోట ఒక ఆడమనిషి పేరు ఉంది! పాత అక్విడక్టు పని అయిపోయిందని, దాని పక్కనే 2000 ప్రాంతంలో కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నేను బస్సులో దాటింది ఆవిడ పేరున్న కట్టడాన్నే. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. అంటే పాత అక్విడక్టు కట్టేనాటికి పది, పదకొండేళ్ళ పిల్ల. తర్వాత జోగన్నగారి ఇల్లాలై లంకల గన్నవరం కాపురానికి వచ్చారు. ఏటి దారిన వచ్చిపోయేవాళ్ళు, రాత్రనక పగలనక ఎప్పుడొచ్చినా, ఏ కులమని అడక్కుండా అన్నం పెట్టారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఒక పెళ్ళివారు ఆకలితో తమ ఇంటికే వెళుతున్నారని విని, ప్రయాణం మానుకుని వెనక్కి తిరిగి వచ్చేశారని చెప్పుకుంటారు. ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకం నాడు ఆవిడ ఫొటో తెప్పించుకున్నాడని కూడా చెప్పుకుంటారు. ఆ ఎడ్వర్డే, ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, లండన్‌లో మురుగు తోడే యంత్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ రాజకుమారుడు. ఎవరి పేరు దేనికి పెట్టారో చూడండి! సీతమ్మగారు 1909లో పోయారు. 2024లో మన రాష్ట్రంలో బళ్ళలో పిల్లలకు పెట్టే మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు.

ఆలోచిస్తే ఆవిడ రోజూ అంతమందికి వండి పెట్టగలిగిన బియ్యం ఎక్కడివి? ఆనకట్ట వచ్చాక, కాలువలు వచ్చాక పండినవే కదా. అంతకుముందు జనం ఊళ్ళు వదిలి పోయిన నేల అది. పెట్టే చెయ్యి ఆవిడది. ఆ చేతికి గింజ అందించింది ఆ కాలువలే. ఇలా అనడం సీతమ్మగారిని తక్కువ చెయ్యడం కాదు సుమండీ. గింజలున్న ఇళ్ళన్నీ పెట్టలేదు గదా!

సీమంతం మర్నాడు పనిగట్టుకుని మా ఆడపడుచును తీసుకుని పాత కట్టడం దగ్గరికి వెళ్ళాను. "ఏం చూస్తావు వదినా, పాడుబడిన గోడ! పాములుంటాయి" అని సణుగుతూనే వచ్చింది. దగ్గరికి వెళితే గుండె కలుక్కుమంది. కమానుల మీద రావి మొక్కలు, మర్రి మొక్కలు. కొన్ని వేలెడంత, కొన్ని మనిషెత్తు. పైన మట్టి పేరుకుని పిచ్చి చెట్లు. 1986 వరద చెయ్యలేని పని ఈ రావి వేరు చేస్తుంది. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు దొరికితే చాలు, వెంట్రుకలా దూరి తాడంత అవుతుంది. ఇందాక చెప్పాను గదా, ఒక కమాను జారితే పక్కదానికి తోడుండదని. నా చేతికందిన ఒక చిన్న మొక్కను పీకబోయాను. రాలేదు, ఆకులే ఊడివచ్చాయి. వేరు లోపలే ఉండిపోయింది.

పక్కన కొత్తది పనిచేస్తుండగా పాతదాని మీద డబ్బెందుకని అనేవాళ్ళుంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాలువ చివర పొలాలున్నవాళ్ళకు, మాలాంటివాళ్ళకు, ముందు నీళ్ళు కావాలి, తర్వాతే పాత గోడలు. చివరి భూములకు నీరందక నాట్లు ఆలస్యమైన యేళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయి. కాని ఇక్కడ అడుగుతున్నది పెద్ద ఖర్చేమీ కాదు. మొక్కలు మొదలంటా తీయించడం, పగుళ్ళలో సున్నం నింపించడం, ఎవరు ఎప్పుడు ఎందుకు కట్టారో తెలుగులో ఒక పలక పెట్టడం. ఇంట్లో పాత ఇత్తడి గంగాళం ఉంటుంది. స్టీలు డ్రమ్ము వచ్చిందని దాన్ని ఎరువు దిబ్బ మీద పారేస్తామా? ఏడాదికోసారి చింతపండు పెట్టి తోమి, పెళ్ళినాడు బయటికి తీస్తాం. బళ్ళో పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకువెళ్ళి నిలబెడితే, కమాను బరువెలా ఆపుతుందో నల్లబల్ల మీద గంట చెప్పినదానికన్నా బాగా తెలుస్తుంది.

మన కృష్ణా పక్కన కూడా అక్విడక్టు లేకపోలేదు. రేపల్లెవాళ్ళకు ఏటి అవతల పులిగడ్డ అక్విడక్టు తెలిసే ఉంటుంది. దివిసీమకు కాలువ నీళ్ళు దాటించేది అదే. అయితే అది తర్వాతి కాలపు కట్టుబడి. ఇంకో తమాషా ఏమిటంటే, 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్ళు తోడి, కాలువలో పెట్టి, ప్రకాశం బ్యారేజి పైన కృష్ణలో కలుపుతున్నారు. అంచేత కొన్ని యేళ్ళల్లో మా పిట్టలవానిపాలెం చెరువులో పడే నీళ్ళలో గోదావరి కూడా ఉంటోంది. ఈ సంగతి మా ఆడపడుచు అత్తగారికి చెబితే, "అయితే ఇంక మీకూ మాకూ ఒకే నీళ్ళమ్మా" అని సంబరపడి, వచ్చేటప్పుడు ఒక పూతరేకుల డబ్బా ఎక్కువ ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో కుడివైపో ఎడమవైపో చూసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను, కమానులు లెక్కపెడదామని. కండక్టరు టిక్కెట్టడిగినా పలక్కుండా వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. నలభై మూడు దాకా వచ్చాయి. మిగిలిన ఆరూ ఒడ్డునున్న చెట్ల చాటున ఉండిపోయాయి. ఈసారి బారసాలకు వెళ్ళినప్పుడు గన్నవరంలో దిగి, గట్టు వెంబడి నడిచి ఆ ఆరూ చూసి వస్తాను.